పెట్టుబడి అడిగే పది పేజీలు

కొత్త సంస్థకు పెట్టుబడి కోరేవారు మదుపుదారు ముందుంచే క్లుప్త నివేదికను ‘పిచ్ డెక్’ అంటారు. మిర్చి యార్డులో మచ్చు వంటిదే ఇది. మచ్చు చూసే సరుకుకు ధర కడతారు.

పది పేజీలు మించకుండా ఉండడం మేలు. వాడకందారుకున్న ఇబ్బంది, దానికి పరిష్కారం, మార్కెట్ పరిమాణం, పోటీదారులు, నిర్వాహకుల అనుభవం - వీటికి ఒక్కో పేజీ చాలు. అసలు పట్టు రాబడి లెక్కలో ఉండాలి.

అమెరికాలోని ఎయిర్‌బీఎన్‌బీ తొలినాళ్ల డెక్ ఇందుకు ఉదాహరణ. ఇళ్లలో గదులు బసకు కుదిర్చే ఈ సంస్థది కమీషన్ వ్యాపారమే. రాత్రికి 70 డాలర్లు, 3 రాత్రుల బస, 10 శాతం కమీషన్, వెరసి బేరానికి సుమారు 20 డాలర్లు. ఏ వర్తకుడైనా వేళ్లపై సరిచూసుకోగల లెక్క.

అయినా డబ్బు వెంటనే పుట్టలేదు. 2008లో లక్షా 50 వేల డాలర్లకు 10 శాతం వాటా ఇస్తామన్నారు. అంటే సంస్థ మొత్తానికి 15 లక్షల డాలర్ల విలువ కట్టారన్న మాట. ఏడుగురిని అడిగితే ఐదుగురు కాదన్నారు, ఇద్దరు జవాబే ఇవ్వలేదు. 2009లో సెకోయా సంస్థ ముందుకు రావడంతో సుమారు 6 లక్షల డాలర్లు సమకూరాయి. 2020 డిసెంబరులో షేర్లు స్టాక్ మార్కెట్‌కు ఎక్కాయి.

చివరి పేజీలో నాలుగు అంకెలు తప్పనిసరి: ఎంత సొమ్ము కావాలి, ఎంత వాటా ఇస్తారు, దేనికెంత ఖర్చు చేస్తారు, అది ఎన్ని నెలలకు సరిపోతుంది. అంచనాలను జరిగిన అమ్మకాలుగా చూపరాదు. మచ్చు ఒకటి, బస్తాలో సరుకు మరొకటి అయితే బేరం తప్పడమే కాదు, పేరూ పోతుంది. సొమ్ము పెట్టేవారు కూడా ముందుగా ఈ పేజీనే తిప్పి చూడడం మంచిది.