నాలుగుకు ఒకటి – దేనిలో?
(క్యాలిబ్రేషన్‌లో ఖచ్చితత్వ నిష్పత్తి)



నేను యానాం కనకాలపేటలో పుట్టి పెరిగాను. ఇన్‌స్ట్రుమెంటేషన్ డిప్లొమా చదివి ఒక క్యాలిబ్రేషన్ ల్యాబ్‌లో ట్రైనీగా చేరాను. మొదటి నెలలో చేసిన పొరపాటే ఈ పాఠం.

క్యాలిబ్రేషన్ అనగా కొలిచే పరికరాన్ని దానికంటే మేలైన ప్రామాణిక పరికరంతో పోల్చి తేడా రాయడం. చేపలు తూచే కాటాను సరిచూడాలంటే తూనిక రాళ్ళు కాటా కంటే నమ్మకమైనవి కావాలి కదా! ఎంత నమ్మకమైనవో చెప్పేదే ఖచ్చితత్వ నిష్పత్తి. కాటాల విషయంలో అంతర్జాతీయ ఓఐఎంఎల్ ఆర్76 ప్రకారం రాళ్ళ దోషం, కాటాకు అనుమతించిన దోషంలో 1/3 వంతు మించరాదు. ల్యాబులలో ఎక్కువగా వినిపించేది 4:1.

నా పొరపాటు

నాకిచ్చినది 10 బార్ ప్రెషర్ గేజ్, ఖచ్చితత్వం ±1 శాతం. పద్ధతి పత్రంలో "నిష్పత్తి 4:1 ఉండాలి" అని మాత్రమే ఉంది. అల్మారాలో ±0.25 శాతం డిజిటల్ గేజ్ దొరికింది. 1ని 0.25తో భాగిస్తే 4. తేడా 0.08 బార్ వచ్చింది. హద్దు 0.1 కనుక "పాస్" అని రాసి సంతకానికి తీసుకెళ్ళాను.

సీనియర్ గారు చూసి, "శాతం సరేనయ్యా, దేనిలో శాతం?" అన్నారు.

రెండు శాతాలూ పూర్తి స్కేలు మీద ఇచ్చినవే. కాని డిజిటల్ గేజ్ స్కేలు 20 బార్!

పరీక్షించే గేజ్: 10లో 1 శాతం = 0.1 బార్
ప్రామాణిక గేజ్: 20లో 0.25 శాతం = 0.05 బార్
నిష్పత్తి: 0.1 ÷ 0.05 = 2, అనగా 2:1 మాత్రమే.

అసలు తేడా 0.03 నుండి 0.13 వరకు ఎంతైనా కావచ్చు. 10 బార్ స్కేలు గల ±0.25 శాతం ప్రామాణికంతో మళ్ళీ చేస్తే 0.13 వచ్చింది. గేజ్ ఫెయిల్. తేడా చిన్నదే. కాని "పాస్" కాగితాన్ని నమ్మినవాడు మళ్ళీ కొలిచి చూడడు.

నిష్పత్తి అస్పష్టంగా ఉంటే

1. శాతం పూర్తి స్కేలు మీదా, రీడింగు మీదా అని డేటా షీటులో చూడండి.
2. ప్రతి పరీక్షా బిందువు వద్ద శాతాన్ని యూనిట్లలోకి మార్చి, ఆ తరువాతే భాగించండి.
3. పోలిక రెండు ఖచ్చితత్వాల మధ్యా (టి.ఎ.ఆర్.), లేక మొత్తం కొలత అనిశ్చితితోనా (టి.యు.ఆర్.) అని అడగండి. రెండవదానిలో ఉష్ణోగ్రత, రీడింగు చదవడంలో తేడా వంటివి కూడా చేరతాయి. కనుక అది సాధారణంగా తక్కువ వస్తుంది.
4. నిష్పత్తి చాలకపోతే మేలైన ప్రామాణికం తెండి. లేదా అంగీకార హద్దును తగ్గించండి. దీనినే గార్డ్ బ్యాండ్ అంటారు. నా లెక్కలో హద్దు 0.1 − 0.05 = 0.05 అయ్యేది, 0.08 పాస్ అయ్యేది కాదు.
5. ఏ నియమం వాడారో రిపోర్టులో రాయండి. ఐఎస్ఓ/ఐఈసీ 17025 (2017) 4:1 కావాలని అడగదు. పాస్, ఫెయిల్ అని చెప్పేటప్పుడు నిర్ణయ నియమం ఉండాలంటుంది.

అభ్యాసం: 16 బార్ గేజ్ ±1 శాతం. ప్రామాణికం 40 బార్, ±0.1 శాతం. రెండూ పూర్తి స్కేలు మీదే. నిష్పత్తి ఎంత?

జవాబు: 0.16 ÷ 0.04 = 4:1. 10:1 అని రాసినవారు నా మొదటి నెలలోనే ఉన్నారు. ఇంకొకసారి ప్రయత్నించండి!