వార్ధక్యము లేని వీరులు

బొమ్మల కథల వీరుని వయస్సు కళాశాల వార్షిక పత్రికలో చర్చింపదగిన విషయమా యని కొందరు పెద్దలు నవ్వవచ్చును. మన విద్యార్థినీ విద్యార్థులు ఇంత మక్కువతో చదువుచున్న దానిని మనము చూడకుండుట పాండిత్యము కాదని మా అభిప్రాయము. కావున సంకోచము విడిచి ఒక చిన్న లెక్కతో ఆరంభింతుము.

1962 ఆగస్టు సంచికలో స్పైడర్‌మ్యాన్ తొలిసారి కనిపించినప్పుడు, ఆ ముసుగు వెనుకనున్న పీటర్ పార్కర్ 15 ఏండ్ల బడిపిల్లవాడు. ఆ లెక్కన అతడు 1947 ప్రాంతమున పుట్టినవాడు. నేడతనికి 75 ఏండ్లు దాటవలెను. కాని నేటికిని అతడు నవయువకుని వలెనే మేడల మీద దూకుచున్నాడు. 1938లో వచ్చిన సూపర్‌మ్యాన్ సంగతి, 1939లో వచ్చిన బ్యాట్‌మ్యాన్ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. వారిని మొదట చదివిన పిల్లలలో ఎక్కువమంది గతించినారు. వీరులు మాత్రము చెక్కు చెదరక యున్నారు. ఇట్టి వీరుడు కాలముతో పాటు ముదుసలి కావలెనా, స్వభావము మార్చుకొనవలెనా, లేక తన పేరును మరొకరికి అప్పగించి తొలగవలెనా? చదువరుల నడుమ చిరకాలముగా సాగుచున్న వివాదమిది.

పూర్వకథలలో ఈ చిక్కు లేదు. రామావతారము సరయూనదిలో ముగిసినది. శ్రీకృష్ణుడు వేటకాని బాణమునకు దేహము చాలించినాడు. ఉర్దూ దాస్తానులు చెప్పువారు అమీర్ హమ్జాను ఎన్ని మాయాలోకములలో త్రిప్పినను, అతడు ఉహుద్ యుద్ధభూమిలో షహీదగునని శ్రోతలందరికిని ముందే తెలియును. లక్నోలో నవల్ కిషోర్ ముద్రణాలయము 1883 నుండి వెలువరించిన ‘తిలిస్మె హోష్‌రుబా’లో మాయారాజ్యమును జయింప బయలుదేరిన సేనానాయకుడు హమ్జా కాదు, అతని మనుమడు అసద్. నడిమి కథ ఎన్ని సంపుటములకైనను సాగవచ్చును. కొస మాత్రము ముందే కట్టియున్నది. కొస లేని వీరుడు మాత్రము ఇరువదవ శతాబ్దపు సృష్టి.

ఇటలీ దేశపు పండితుడు ఉంబెర్టో ఎకో 1962లోనే సూపర్‌మ్యాన్‌ను గూర్చి ఒక వ్యాసము వ్రాసి ఈ చిక్కును విప్పి చూపినాడు. అతని వాదము సంగ్రహముగా ఇది. పురాణపురుషుని కథ జరిగిపోయినది. అతడేమి చేయునో మనకు తెలియును. నవలానాయకుని కథ మన కన్నుల యెదుట జరుగుచున్నది, రేపేమగునో తెలియదు. సూపర్‌మ్యాన్ ఈ రెంటి నడుమ చిక్కుకొన్నాడు. పురాణపురుషుని వలె మారరాదు, నవలానాయకుని వలె ప్రతి వారము క్రొత్త పని చేయవలెను. ఏ నిజమైన పని చేసినను, అనగా పెండ్లాడినను, బిడ్డను కన్నను, మరణమునకు ఒక అడుగు దగ్గరయినట్లే. కావున రచయితలు కాలమునే మసకపరచి, నిన్నటి కథ జరిగినదో లేదో తెలియనట్లుగా నేటి కథను మొదలుపెట్టుదురు.

తెలుగు చదువరికి ఇది వింత కాదు. ‘చందమామ’లో దశాబ్దముల పాటు విక్రమార్కుడు నెలనెలా శవమును చెట్టుపై నుండి దింపి భుజమున వేసికొన్నాడు, నెలనెలా మౌనభంగమై బేతాళుడు మరల చెట్టెక్కినాడు. పాత గ్రంథములోని 25 కథలు తీరిపోయినను ఆ నడక తీరలేదు. విక్రమార్కుని తల నెరిసినదా యని ఏ పిల్లవాడును అడిగియుండడు. అడుగకపోవుటకు కారణము కలదు. అక్కడ రాజు కథకు వాహనము మాత్రమే. అసలు కథ బేతాళుడు చెప్పునది. పీటర్ పార్కర్ విషయము అట్లు కాదు. అతని అద్దె బాకీ, అతని ప్రేమ, అతని పశ్చాత్తాపము, ఇవియే కథ. బ్రతుకే కథయైనవానికి బ్రతుకు సాగకుండ చేసినచో మిగులునదేమి?

నిజమునకు స్టాన్ లీ, స్టీవ్ డిట్కోలు అతనిని పెరుగనిచ్చినారు. 1965లో అతడు ఉన్నతపాఠశాల ముగించి కళాశాలలో చేరినాడు. 1973లో, ఇతర రచయితల చేతిలో, అతని ప్రియురాలు గ్వెన్ స్టేసీ మరణించినది; ఆమె నిజముగనే మరణించినదని నమ్ముటకు చదువరులు జంకినారు. 1987లో మేరీ జేన్‌తో వివాహము. ఆ తరువాత ప్రచురణకర్తలకు భయము పట్టుకొన్నది. పెండ్లియైన మగవాడు బాలపాఠకునకు పరాయివాడగునట! 2007లో మొదలైన ఒక కథలో, తనను పెంచిన మే ప్రాణము దక్కించుటకై పీటర్ ఒక దుష్టశక్తితో ఒప్పందము చేసికొని తన వివాహమునే లోకపు జ్ఞాపకము నుండి తుడిపించివేసినాడు. ఇరువదియేండ్ల కాపురము ఒక్క రాత్రిలో లేనిదైనది. బాల్యము నుండి అతనితో పాటు పెరిగిన చదువరి తన ఇరువదియేండ్లను ఎవరినడిగి తిరిగి తెచ్చుకొనవలెనో ఆ కథ చెప్పలేదు.

దీని వెనుకనున్నది వ్యాపారపు లెక్క. సూపర్‌మ్యాన్‌ను సృష్టించిన జెర్రీ సీగెల్, జో షుస్టర్ అను ఇద్దరు యువకులు 1938లో 130 డాలర్లకు హక్కులన్నిటిని అమ్ముకొన్నారు. వారు వృద్ధులై ఇబ్బందులలో నుండగా వారి మానసపుత్రుడు నిత్యయౌవనుడై ఇతరులకు సంపాదించి పెట్టినాడు. 1975లో గాని వారికి ఏడాదికి 20,000 డాలర్ల భృతియు, పుస్తకముపై పేరును దక్కలేదు. అంగడిలో అమ్ముడుపోవు బొమ్మకు ముడుతలు పడరాదు గదా. అయినను ఎదుటి పక్షమునకును న్యాయము చేయవలెను. ప్రతి తరములోను పదియేండ్ల పిల్లవాడొకడు మొదటిసారి ఆ పుస్తకమును తెరచును. తాతల కాలపు చదువరి తృప్తికై వానికి ముసలి స్పైడర్‌మ్యాన్‌ను చూపుట న్యాయమా యని వారడుగుదురు. ఈ ప్రశ్నలో బలమున్నది. మేమును దీనిని త్రోసివేయజాలము.

అయితే వయస్సును ఆపుటకు చెల్లించు వెల మరొకటి కలదు. మా దృష్టిలో అదియే పెద్దది. వీరుని వయస్సు నిలువవలెనన్నచో చరిత్ర జరుగవలెను.

కెప్టెన్ అమెరికా హిట్లరుతో పోరాడినవాడు. 1964లో అతనిని మరల తెచ్చినప్పుడు, 1945 నుండి మంచులో గడ్డకట్టి నిద్రించెనని చెప్పినారు. అప్పటికి ఆ నిద్ర ఇరువదియేండ్లకు లోపు. అతడు మేల్కొన్న నాటిని ఎప్పుడును మనకు సమీపముననే యుంచుట చేత, ఆ నిద్ర నేడు అరువది యేండ్లు దాటి యింకను సాగుచునే యున్నది. ఇది వినోదముగనే యున్నది. ఐరన్‌మ్యాన్ సంగతి వేరు. 1963లో అతడు గాయపడి బందీయైనది వియత్నాములో. 2008 నాటి చలనచిత్రములో ఆ చోటు ఆఫ్ఘనిస్తానమైనది. 1974లో వచ్చిన పనిషర్ అను పాత్ర వియత్నాం యుద్ధమునుండి తిరిగివచ్చిన సైనికుడు. ఆ యుద్ధపు చేదే అతని క్రౌర్యమునకు వేరు. ఇట్టివారందరును నేడు వృద్ధులు కావలసి యుండగా, 2019లో మార్వెల్ సంస్థ సియన్‌కాంగ్ అను లేని దేశమున తేదీ లేని యుద్ధమొకటి జరిపించి, వారి గాయములన్నిటిని దానికి ముడివేసినది. నిజముగా చచ్చిన లక్షల వియత్నాం ప్రజల చోట ఊహాదేశము నిలిచినది. వీరుని నడుము వంగకుండుటకై చరిత్రనే వంచినారు.

ఒక్క పాత్ర మాత్రము ఈ పనికి లొంగలేదు. 1963లో వచ్చిన మాగ్నెటో మొదట ఒట్టి దుష్టుడు. 1980 తరువాత రచయిత క్రిస్ క్లేర్‌మాంట్ అతనిని ఆష్‌విట్జ్ మరణశిబిరమునుండి బయటపడిన యూదు బాలునిగా చేసినాడు. ఒక జాతిని పేరు పేరున లెక్కించి చంపగా చూచినవాడు గనుకనే, అల్పసంఖ్యాకులను రాజ్యము కాపాడునను మాటను అతడు నమ్మడు. ఆ శిబిరమును మరొక యుద్ధములోనికి జరుపుట ఎవరికిని సాధ్యము కాలేదు. జరిపినచో పాత్రయే మిగులదు. అతని యౌవనము నిలుపుటకు వేరు ఉపాయములు వెదకినారు. 1974 నాటి కథలో అతడు శిశువుగా మారిపోయి, తరువాత నడివయస్సు బలవంతునిగా పునరుద్ధరింపబడినాడు. ఆ వింత కథ పాత శత్రువును తిరిగి తెచ్చుటకే వ్రాసినదైనను, తరువాతి రచయితలకు ఊతకర్రగా ఉపకరించినది. నవ్వు పుట్టించు ఉపాయమే, కాని ఇందులో చరిత్ర పట్ల మర్యాద కలదు.

వీరుని ముదిమిని ఒప్పుకొన్న కథలు లేకపోలేదు. ‘గ్యాసొలీన్ ఆలీ’ అను పత్రికా చిత్రకథలో 1921 ఫిబ్రవరి 14న గుమ్మములో దొరికిన పసిబిడ్డ పెరిగి, సైనికుడై, గృహస్థై, తాతయైనాడు. 1977లో ఇంగ్లండున మొదలైన జడ్జి డ్రెడ్‌కు మనకు ఒక ఏడు గడచినచో ఒక ఏడు గడచును, నేడతడు ముదుసలి. 1986లో ఫ్రాంక్ మిల్లర్ వ్రాసి, గీసిన బ్యాట్‌మ్యాన్‌కు 55 ఏండ్లు. కీళ్లు సహకరింపని ఆ వీరుని చూచిన పిమ్మట పాత బ్యాట్‌మ్యాన్ చాలమందికి చప్పగా తోచినాడు. కాని మిల్లర్ కథ ప్రధాన కథాధారకు బయట జరిగినది. ధారలో జరుగు వార్ధక్యము జ్వరము వంటిది. 2014లో కెప్టెన్ అమెరికాకు మందు శక్తి తగ్గి 90 ఏండ్ల వృద్ధుడై, తన డాలును నల్లజాతి మిత్రుడు శాం విల్సన్‌కు ఇచ్చినాడు. 2016లో జ్వరము దిగినట్లు మరల యువకుడైనాడు.

ఇక మిగిలినది వారసత్వము. దీనికి పాత ఉదాహరణ ఫాంటమ్. లీ ఫాక్ 1936లో సృష్టించిన ఈ వీరుడు 1964లో మొదలైన ఇంద్రజాల్ కామిక్స్ వలన మన పెద్దలకు చిన్ననాటి మిత్రుడైనాడు. 1536లో సముద్రపు దొంగలు తండ్రిని చంపగా కుమారుడు చేసిన ప్రతిజ్ఞ తండ్రి నుండి కొడుకునకు దిగివచ్చినది. మనము చదువు ఫాంటమ్ 21వ వాడు. అడవిలోని జనులు అతనిని చావులేనివాడని నమ్ముదురు, చదువరికి మాత్రము గుహలోని ఇరువది సమాధులు కనబడును. ఇంతకంటె చక్కని ఏర్పాటు మరియొకటి లేదు. విచిత్రమేమనగా, 1936 నుండి నేటివరకు ఆ 21వ వాడే కొనసాగుచున్నాడు. 1977లో పెండ్లాడినాడు, 1979లో కవలలు పుట్టినారు, ఆ కవలలు ఇంకను యౌవనపు గడప వద్దనే యున్నారు. వారసుని సిద్ధపరచియు సింహాసనము దిగని రాజులను మనము చరిత్రలోను చూచినాము.

దిగిన రాజులు తిరిగివచ్చుటయు కద్దు. ఫ్లాష్ పేరు ధరించిన బ్యారీ అలెన్ 1985లో లోకమును కాపాడుచు ప్రాణము విడిచినాడు. మేనల్లుడు వాలీ వెస్ట్ ఆ పేరు ధరించి రెండు దశాబ్దములు నిలిపినాడు. ఆ కాలపు పిల్లలకు ఫ్లాష్ అనగా వాలీయే. 2008లో బ్యారీని బ్రదికించినారు. మరణము త్యాగమగుటకు తిరిగిరాకుండుట ఒక్కటే నియమము. దానిని కూడ పాటింపలేదు. 1988లోనైతే రెండవ రాబిన్ చావవలెనా బ్రతుకవలెనా యని చదువరులచేత డబ్బులు తీసికొని టెలిఫోనులో ఓట్లు వేయించినారు. చావునకు 5,343, బ్రతుకునకు 5,271. ఇట్టి ఎన్నిక మరల జరుగకుండుట మేలు.

క్రొత్తవారు వచ్చినప్పుడు వెలువడు ఆక్షేపణ ఒకటే: ఇది అమ్మకము కొరకు చేసిన వేషమని. 2011లో స్పైడర్‌మ్యాన్ ముసుగు ధరించిన మైల్స్ మోరాలెస్ తండ్రి నల్లజాతివాడు, తల్లి పోర్టోరికో సంతతి. అతనిపైనను ఈ మాట పడినది. 2014లో మిస్ మార్వెల్ పేరుతో పత్రిక మొదలైన కమలా ఖాన్‌పై మరింతగా పడినది. అంతకుముందు ఆ పేరు క్యారల్ డాన్వర్స్ అను తెల్లజాతి యువతిది. ఆమె 2012లో కెప్టెన్ మార్వెల్ అయినందున పేరు ఖాళీ యైనది. కమల పాకిస్తాన్ నుండి వలస వచ్చిన కుటుంబపు 16 ఏండ్ల బాలిక, జెర్సీ సిటీ నివాసిని. సంపాదకురాలు సనా అమానత్, రచయిత్రి జి. విల్లో విల్సన్, చిత్రకారుడు ఏడ్రియన్ ఆల్ఫోనా. 2015లో దీని తొలి సంపుటమునకు హ్యూగో బహుమానము లభించినది.

మా విద్యార్థినులు తప్పక చూడదగిన ఘట్టమొకటి ఇందులో కలదు. రూపము మార్చు శక్తి లభించినంతనే కమల తన రూపమును విడిచి, బంగరు జుట్టు గల క్యారల్ వలె మారిపోవును. వీరనారి యనగా అట్లే యుండవలెనని ఆమె నమ్మకము. ఆపదలోనున్న ప్రాణిని కాపాడుటను గూర్చి తండ్రి తరచు చెప్పు ఖురాన్ వాక్యము తలచుకొని సహాయమునకు దూకును. కాని ఆ అరువు రూపము ఒంటికి ఇమడదు. తుదకు స్నానపు దుస్తులలో ఒకటైన బుర్కినీని మార్చి కుట్టి, తన ముఖముతోనే నిలుచును. పేరు మరొకరిది, ముఖము తనది. వారసత్వమనగా ఇదియే యని మేము భావింతుము. పాతవారి పేరునకు క్రొత్తవారి బ్రతుకును జోడించినప్పుడే ఆ పేరునకు వయస్సు చెల్లును. క్యారల్ చావనక్కర లేకపోయినది, మరచిపోనక్కర లేకపోయినది. తన చోట తాను పెద్దదైనది.

అయితే 2023లో కమలను చంపినారు. అదియు ఆమె పత్రికలో కాదు, స్పైడర్‌మ్యాన్ పత్రికలో, మేరీ జేన్ రూపము ధరించి యుండగా. రెండు నెలలు తిరుగకముందే బ్రదికించినారు. పాత వీరులకు పట్టిన రోగమునే క్రొత్త వారసురాలికి అంటించినారు.

వీరులకు వయస్సు రాకున్నను వారిపై హక్కులకు వయస్సు వచ్చుచున్నది. అమెరికా చట్టము ప్రకారము ఆ కాలపు రచనలపై హక్కు ప్రచురణ నాటి నుండి 95 ఏండ్లు. సూపర్‌మ్యాన్ తొలికథ 2034 జనవరి 1న సర్వజనుల సొత్తగును. బ్యాట్‌మ్యాన్‌ది మరుసటి యేడు. పేర్లపై వ్యాపారచిహ్నపు హక్కులు మిగిలియున్నను, నాటి నుండి ఎవరైనను ఆ కథకు కొస వ్రాయవచ్చును. అతనికి తల నెరిపించవచ్చును, మనుమలను ఇవ్వవచ్చును, సమాధి కట్టవచ్చును. చేతికి వచ్చునది 1938 నాటి సూపర్‌మ్యాన్ మాత్రమే. అతనికి ఎగురుట ఇంకను రాదు. ఒక్క దూకున ఫర్లాంగు దూరము పోగలడు, అంతే.