అధ్యక్షుని కుర్చీ



విచారణ పండుగ లెక్కలు చదివే సమావేశం మీకు తెలియనిది కాదు. సంఘ పెద్ద పద్దు చదవడం ముగించకముందే, "మైకుసెట్టుకే ఇంతయిందా?" అని వెనుకనుండి ఒక గొంతు లేస్తుంది. ఆయన నవ్వి, "చెబుతాను, కూర్చో నాయనా" అంటాడు. ఆ నవ్వు వెనుక మనసు ఎంత నలిగిందో మనకు పట్టదు.

అటువంటి కుర్చీలో ఏళ్ళ తరబడి కూర్చున్న మన ప్రాంతపు పెద్ద ఒకరున్నారు. 1891లో తిరుచానూరులో జన్మించిన మాడభూషి అనంతశయనం అయ్యంగార్ గారు 1952లో తిరుపతి నుండి, 1957లో చిత్తూరు నుండి లోక్‌సభకు ఎన్నికైనారు. మొదటి లోక్‌సభకు ఉపసభాపతి. 1956 ఫిబ్రవరిలో సభాపతి మావలంకర్ గారు మరణించగా, మార్చిలో ఆ స్థానానికి ఎన్నికై 1962 వరకు ఉన్నారు. సభాపతి అందరి కేకలూ వినాలి, తాను ఏ పక్షమూ పలకరాదు. ఓట్లు సరిసమానమైతే తప్ప ఓటు కూడా వేయడు.

ఆయన ఉపసభాపతిగా ఉన్న రోజుల్లోనే, 1954 డిసెంబరు 18న, మావలంకర్ గారిని తొలగించాలన్న తీర్మానం సభలో చర్చకు వచ్చి వీగిపోయింది. ఇక్కడ గమనించదగిన సంగతి ఒకటుంది. మన రాజ్యాంగం 96వ అధికరణం ప్రకారం, తనమీద తీర్మానం చర్చకు వచ్చినపుడు సభాపతి అధ్యక్షత వహించరాదు. కుర్చీ దిగి మాట్లాడవచ్చు, మొదటిసారి ఓటు కూడా వేయవచ్చు. ఎంత పెద్దమనిషి అయినా నింద తనమీదికే వచ్చినపుడు తీర్పరిగా కూర్చోలేడని ఆ నియమం ఒప్పుకుంటున్నది. మన సంఘాలలో మాత్రం నింద పడినవాడే గంట కొట్టి నిశ్శబ్దం చేయించాలి, పైగా నవ్వుతూ!

సంఖ్యాకాండము 20వ అధ్యాయం తెరవండి. మోషే సహనం కోల్పోయి బండను రెండుసార్లు కొట్టాడని మనందరికీ తెలుసు. ఆ అధ్యాయం ఆయన అక్క మిర్యాము మరణంతో మొదలవుతుందని ఎందరికి గుర్తుంది? అక్కను పాతిపెట్టిన చోటనే ప్రజలు నీళ్ళు లేవని ఆయనమీదికి వచ్చారు. ఆయనను ఓదార్చినవారెవరో అక్కడ వ్రాయబడలేదు.

నా సంగతీ చెప్పాలి. ఒక ఆదివారం అందరితోనూ మెత్తగా మాట్లాడి వచ్చి, సాంబారులో ఉప్పు తక్కువైందని వంటమనిషిమీద అరిచాను. ఆ కోపం ఆయనది కాదు, ఉదయం నేను గుడిలో మింగినది. సాయంత్రం క్షమాపణ అడిగితే, "ఉప్పు నిజంగానే తక్కువ స్వామీ" అన్నాడు.

కనుక పెద్దలారా, వచ్చే సమావేశంలో ప్రశ్న మీ పద్దుమీదనే అయితే ఆ పూటకు కుర్చీ ఉపదేశిగారికి ఇచ్చి, బెంచీమీద కూర్చుని జవాబు చెప్పండి. ఇంటివారలారా, ఆయన గడప దాటి లోపలికి రాగానే ఎవరేమన్నారని అడగకండి. ముందు మంచినీళ్ళివ్వండి.