పరీక్ష తప్పిన ఎరువుల దుకాణదారు ఏమి చేయవలెను?

ఒకప్పుడు పల్లెలో ఎరువులు, పురుగు మందులు, విత్తనములు అమ్ముటకు ఒక గది, కొంత పెట్టుబడి, నాలుగూళ్ల పరిచయము ఉన్న చాలునని తలచెడివారు. నేడు ఆ స్థితి మారినది. రైతు తెగులు సోకిన ఆకును త్రుంచి తెచ్చి తరచుగా మొదట చూపించునది దుకాణదారునకే. అక్కడ విన్న మాటను బట్టియే మరునాడు పంపు భుజమునకెత్తును. ఆ మాట సరియైనదైన పంట నిలుచును, తప్పుదైన మందు డబ్బు, కూలి, పంట మూడును పోవును. అందుచేతనే అమ్మువానికి కొంత శాస్త్ర జ్ఞానము ఉండి తీరవలెనను నిబంధన వచ్చినది.

హైదరాబాదు రాజేంద్రనగరులోని జాతీయ వ్యవసాయ విస్తరణ యాజమాన్య సంస్థ (మేనేజ్) 2003లో డీలర్ల కొరకు ఒక సంవత్సరపు డిప్లొమాను ప్రారంభించినది. వాడుకలో దీనిని 'దేశీ' కోర్సు అందురు. ఆదివారమున గాని, మార్కెట్ సెలవు దినమున గాని, వారమునకు ఒక దినము చొప్పున 48 వారములు ఈ శిక్షణ సాగును. ఇందులో 40 తరగతులు, 8 క్షేత్ర సందర్శనములు ఉండును. పాఠములు స్థానిక భాషలోనే చెప్పుదురు. 2017లో పురుగు మందుల నియమావళిని సవరించి, చిల్లరగా మందులు అమ్మువారు తగిన డిగ్రీగాని డిప్లొమాగాని కలిగియుండవలెను, లేదా అట్టి అర్హత గల ఉద్యోగినైనను నియమించుకొనవలెను అని విధించిరి. ఎరువుల అమ్మకమునకును ఇట్టి అర్హత నిబంధన వచ్చినది.

పదవ తరగతి చదివి ఇరువది ఏండ్లయిన మనిషి మరల కలము పట్టి పరీక్ష వ్రాయుట సులభము కాదు. కొందరు తప్పుచున్నారు. అట్టివారికిని, వారి ఇంటివారికిని, వారికి సలహా చెప్పవలసిన గ్రామోద్యోగులకును ఉపయోగపడునని ఈ పాఠము వ్రాయబడినది.

మొదటి వారములో చేయవలసినవి

ఫలితము తెలిసిన దినమున మనసు చిన్నబోవుట సహజము. "కొడుకు వయసు వారితో కూర్చుండి వ్రాసి తప్పితిని, రేపు కొట్టులో ఏ మొగముతో కూర్చుందును?" అని తోచును. ఆ దినమున ఏ నిర్ణయమును తీసికొనరాదు. కొట్టు అమ్మివేయుదుననియు, ఇక చదువనే చదువననియు అనరాదు. సంగతి ఇంటిలో దాచరాదు. దాచిన మాట సంతలో బయటపడును, అప్పుడు కలుగు బాధ రెట్టింపగును. భార్యకు, అన్నదమ్ములకు మీరే చెప్పుట మేలు.

రెండవది, లైసెన్సు కాగితములు తీసి గడువు తేదీలు చూచుకొనవలెను. ఎరువులకు, పురుగు మందులకు, విత్తనములకు అనుమతులు వేరువేరు. వానిలో దేనికి ఈ డిప్లొమా అవసరమో, దానికి ఎంత గడువు మిగిలియున్నదో మండల వ్యవసాయాధికారిని కలిసి తెలిసికొనవలెను. భయపడి కార్యాలయమునకు పోకుండుటయే పలువురు చేయు పొరపాటు. ముందుగా వెళ్లి చెప్పిన వానికి అర్హత గల ఉద్యోగిని నియమించుకొను మార్గమైనను తెలియును. గడువు దాటిన పిదప వెళ్లినవానికి చెప్పుటకు మాటయే ఉండదు.

మూడవది, శిక్షణ జరిపిన కేంద్రమునకు పోయి నాలుగు ప్రశ్నలు అడిగి జవాబులు వ్రాసికొనవలెను. ఏ పేపరులో తప్పితిని? వ్రాతలోనా, ప్రయోగ పరీక్షలోనా? మరల ఎప్పుడు వ్రాయవచ్చును? దానికి రుసుమెంత, దరఖాస్తు ఎవరికి ఈయవలెను?

ఇంకొక హెచ్చరిక. తప్పినవారిని వెదకికొనుచు దళారులు వత్తురు. "ఇంత సొమ్ము ఇచ్చిన సర్టిఫికెట్టు తెచ్చి ఇత్తుము" అందురు. దొంగ సర్టిఫికెట్టు పెట్టిన నాడు పరీక్ష మాట అటుంచి, ఉన్న లైసెన్సు పోవును, కేసు వచ్చును. పరీక్ష తప్పుట నేరము కాదు, దొంగ కాగితము పెట్టుట నేరము.

ఎందుచేత తప్పితిరో పరిశీలించుడు

మొలక సరిగా రాని మడిలో రైతు మరల విత్తనము చల్లుటకు ముందు మన్ను త్రవ్వి చూచును. విత్తనము చెడ్డదా, లోతు ఎక్కువైనదా, నీరు నిలిచినదా అని తెలిసికొనును. పరీక్షకును అదే పద్ధతి. "నాకు చదువు రాదు" అని అనుకొనుట కారణము చెప్పుట కాదు. సాధారణముగా కారణములు నాలుగు. తరగతులు తప్పించుకొనుట, లెక్కలలో తడబడుట, రంగులు, చట్టములు, పేర్లు ఒకదానికొకటి కలిసిపోవుట, తెలిసినదానిని వేళకు వ్రాయలేకపోవుట. మీది ఏదో గుర్తించినచో చదువవలసిన భాగము సగమునకు తగ్గును.

లెక్కలు

కొట్టులో నోటితో లెక్క చెప్పగలవారు కాగితముపై తప్పుట కద్దు. ఒక ఉదాహరణము చూడుడు.

ఎకరాకు 48 కిలోల నత్రజని, 23 కిలోల భాస్వరము, 18 కిలోల పొటాష్ వేయవలెను. డి.ఎ.పి., యూరియా, మ్యూరేట్ ఆఫ్ పొటాష్ ఎంతెంత కావలెను అని ప్రశ్న వచ్చినదనుకొనుడు.

ముందు భాస్వరముతో ఆరంభింపవలెను. డి.ఎ.పి.లో 18 శాతము నత్రజని, 46 శాతము భాస్వరము కలవు. 50 కిలోల బస్తాలో భాస్వరము 23 కిలోలు వచ్చును. దానితోపాటు 9 కిలోల నత్రజనియు వచ్చును. కావలసిన 48 కిలోలలో ఈ 9 తీసివేయగా మిగిలినది 39 కిలోలు. యూరియాలో నత్రజని 46 శాతము గనుక, 39ని 100చే హెచ్చించి 46చే భాగింపగా సుమారు 85 కిలోల యూరియా వచ్చును. మ్యూరేట్ ఆఫ్ పొటాష్‌లో 60 శాతము పొటాష్ ఉండును గనుక 18 కిలోలకు 30 కిలోలు చాలును.

పలువురు చేయు తప్పు ఏమనగా, డి.ఎ.పి.లోని నత్రజనిని తీసివేయక 48కి యూరియా కట్టుదురు. అప్పుడు 104 కిలోలు వచ్చును. పరీక్షలో అది రెండు మార్కుల నష్టము. కొట్టులో అయినచో రైతుచే 19 కిలోలకు పైగా యూరియా అదనముగా కొనిపించుట. పైరు ముదురుపచ్చగా ఏపుగా పెరిగి పడిపోవుటకు, పురుగు తెగులు హెచ్చుటకు అదియే కారణము కావచ్చును. రెండవ తప్పు, యూరియా బస్తాను ఇంకను 50 కిలోలని లెక్కించుట. 2018 నుండి యూరియా బస్తా 45 కిలోలే. కనుక 85 కిలోలన్నచో రెండు బస్తాలకు 5 కిలోలు తక్కువ.

మందుల లెక్క చూడుడు. లీటరు నీటికి 2 మిల్లీలీటర్లు, ఎకరాకు 200 లీటర్ల నీరు అన్నచో మందు 400 మిల్లీలీటర్లు. పంపు 16 లీటర్లదైనచో ఒక్కొక్క పంపునకు 32 మిల్లీలీటర్లు, మొత్తము పండ్రెండున్నర పంపులు. ఎకరాకు 100 గ్రాముల మూల పదార్థము పడవలెను, మందు 50 శాతపు పొడి అన్నచో 200 గ్రాముల పొడి కావలెను.

విత్తన పరీక్షలో 400 వరి గింజలు పెట్టగా 312 మొలచినవి అన్నచో మొలక 78 శాతము. వరికి కనీసము 80 శాతము ఉండవలెను గనుక అది ప్రమాణమునకు తగదు. మొక్కజొన్నకు 90, వేరుశనగకు 70 అని కూడ గుర్తుంచుకొనవలెను.

రంగులు, చట్టములు

మందు డబ్బాపై త్రికోణపు గుర్తు ఉండును. ఎరుపు అత్యంత విషపూరితము, పసుపు మిక్కిలి విషపూరితము, నీలము ఒక మాదిరి విషపూరితము, ఆకుపచ్చ స్వల్ప విషపూరితము. పసుపునకు, నీలమునకు వరుస తారుమారు చేయుట పరీక్షలో సామాన్యమైన తప్పు. ఆకుపచ్చ అన్నచో విషమే లేదని వ్రాయుట అంతకన్న పెద్ద తప్పు. అదియు విషమే, దానికిని జాగ్రత్తలు కావలెను.

విత్తనపు చీటీల రంగులు వేరు. బ్రీడర్ విత్తనమునకు బంగారు పసుపు, ఫౌండేషన్ విత్తనమునకు తెలుపు, ధ్రువీకరించిన విత్తనమునకు నీలము, ధ్రువీకరణ లేక ఉత్పత్తిదారు స్వయముగా నాణ్యత తెలిపి అమ్ము విత్తనమునకు లేత ఆకుపచ్చ. డబ్బాపై నీలము వేరు, సంచిపై నీలము వేరు. ఈ రెండు పట్టికలను ఒకే దినమున చదువరాదు, కలిసిపోవును.

చట్టములలో సంవత్సరములు తడబడును. విత్తనముల చట్టము 1966, పురుగు మందుల చట్టము 1968, విత్తన నియంత్రణ ఉత్తర్వు 1983, ఎరువుల నియంత్రణ ఉత్తర్వు 1985. ఈ నాలుగింటిని ఒక అట్టపై పెద్ద అక్షరములతో వ్రాసి బల్లవద్ద గోడకు అంటించినచో నెల తిరుగులోగా కంఠస్థమగును.

కొట్టులోనే అభ్యాసము

దుకాణదారునకు చదువుటకు వేళ లేదనుట నిజమే. కాని అతని కొట్టే మంచి బడి. ఒక నోటుపుస్తకము బల్లవద్ద ఉంచుకొనవలెను. రోజుకు ముగ్గురు రైతులకైనను ఇచ్చిన ఎరువు లెక్కను, మందు మోతాదును అంచెలంచెలుగా వ్రాయవలెను. క్రొత్త సరుకు వచ్చినపుడు లేబిలు మొదటి అక్షరము నుండి చివరివరకు చదువవలెను. మందు పేరు, మూల పదార్థము, శాతము, త్రికోణపు రంగు, ఏ పంటకు, ఏ పురుగునకు అని ఒక వరుసలో వ్రాసికొనవలెను.

వేకువను కొట్టు తీయకముందు అరగంట చదువునకు కేటాయింపుడు. రాత్రి జమాఖర్చులయిన పిదప అలసిన కంటితో రెండు గంటలు చదువుటకన్న ఇది మేలు. వారమునకొకసారి గడియారము ఎదుట పెట్టుకొని పాత ప్రశ్నలకు జవాబులు వ్రాయవలెను. చేతికి వ్రాత అలవాటు తప్పినవారికి ఇది అత్యవసరము. ప్రశ్నలో "కానిది ఏది", "లేనిది ఏది" అని ఉన్నచో ఆ మాట క్రింద గీత గీసికొని పిమ్మట జవాబు వెదకవలెను. తెలిసిన ప్రశ్నలు ముందు వ్రాసి, తెలియనివాటికి తరువాత రావలెను.

అర్థము కాని విషయములను కృషి విజ్ఞాన కేంద్రపు శాస్త్రజ్ఞులను, వ్యవసాయాధికారిని అడుగవచ్చును. అడుగుటకు సిగ్గు పడరాదు. మీతో తప్పినవారు మరి ఇద్దరున్నచో ముగ్గురును ఆదివారమున ఒకచోట కూర్చుండి, ఒకరు చెప్పగా ఇద్దరు వినవలెను. ఇతరునికి చెప్పగలిగిన నాడే విషయము మనకు వచ్చినట్లు లెక్క.

ఇంటివారు, గ్రామోద్యోగులు గమనింపవలసినవి

తప్పినవానిని నలుగురిలో ఎగతాళి చేయరాదు. "ఈ వయసున చదువేమిటి" అను మాట ఇంటిలో వినబడరాదు. పదవ తరగతి చదువుచున్న బిడ్డ ఉన్నచో తండ్రికి శాతముల లెక్క చెప్పగలడు. చెప్పించుకొనుట తండ్రికి చిన్నతనము కాదు. సహకార సంఘపు కార్యదర్శులు, గ్రామ వ్యవసాయ సిబ్బంది పాత ప్రశ్న పత్రములు సంపాదించి ఇచ్చిన పెద్ద సహాయమగును.

అప్పుతో కొట్టు నడుపువానికి లైసెన్సు పోవునను భయము మనసును క్రుంగదీయవచ్చును. తిండి మానుట, నిద్ర పట్టకపోవుట, ఎవరితోను మాటలాడకుండుట, బ్రతుకు వృథా అని పలుకుట కనబడినచో తేలికగా తీసికొనరాదు. అతనిని ఒంటరిగా విడువరాదు. మందుల గది తాళము ఇంటిలో మరియొకరు ఉంచుకొనవలెను. ప్రభుత్వ 'టెలి మానస్' ఫోను 14416కు రాత్రింబవళ్లు ఎప్పుడైనను ఉచితముగా మాటలాడవచ్చును. తెలుగులోను సలహా చెప్పుదురు. ఒక పరీక్షకన్న మనిషి ముఖ్యమని ఇంటివారు నోరు తెరచి చెప్పవలెను.

చివరి మాట

తప్పిన పరీక్షను మరల వ్రాయువానికి ఒక లాభము కలదు. తనకు ఏది రాదో అతనికి స్పష్టముగా తెలియును. డి.ఎ.పి.లోని నత్రజనిని తీసివేయుట మరచి మార్కులు పోగొట్టుకొనినవాడు మరి జన్మలో దానిని మరువడు. అట్టివాని కొట్టునకు వచ్చిన రైతు అక్కరలేని యూరియా మోసికొని పోడు. కనుక ఉత్తీర్ణతా పత్రము కొరకే గాక, రేపు ఆకు పట్టుకొని మీ బల్ల ముందు నిలుచు రైతు కొరకు చదువుడు. ఈ వారమే శిక్షణ కేంద్రమునకు పోయి తేదీ తెలిసికొనుడు. రేపు ఉదయమే నోటుపుస్తకము తెరచి మొదటి లెక్క వ్రాయుడు.