నా చావుల పద్దు

ముప్పై నాలుగేళ్ళు బ్యాంకులో క్యాష్ కౌంటర్ వెనక కూర్చున్నవాణ్ణి. నేను రిటైరైన రెండేళ్ళకి మావాడు డల్లాస్ వెళ్తూ ప్లేస్టేషన్‌ని హాల్లోనే వదిలేసి పోయాడు. అందులో డార్క్ సోల్స్ డిస్కు ఉండిపోయింది. కార్ల ఆటేమో అనుకుని నొక్కాను. పది నిమిషాల్లో మూడుసార్లు చచ్చాను. చచ్చిన ప్రతిసారీ ఆ సంగతి తెర మీద ఎర్రక్షరాల్లో వేసి మరీ చెప్తుంది, మనకి తెలియదన్నట్టు.

ఆ ఒక్క ఆట ముగించడానికి నాకు పద్నాలుగు నెలలు పట్టింది. ఆ తర్వాత అదే కంపెనీ, టోక్యోలోని ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ వాళ్ళ ఆటలు ఇంకో రెండు ఆడాను. ఈ వయసులో ఇదేం పిచ్చి అని అడిగేవాళ్ళకి జవాబుగా నాలుగు మాటలు.

1. కారణం గడిలో మొదట మన పేరు రాయాలి

అలవాటు ఎక్కడికి పోతుంది? పాత డైరీలో గళ్ళు గీసి, చచ్చినప్పుడల్లా పద్దు రాశాను. తేదీ, చోటు, కారణం. కాప్రా డీమన్ అని ఒకడుంటాడు. ఇరుకు సందులాంటి చోట రెండు చేతుల్లో రెండు పెద్ద కత్తులు పట్టుకుని నిలబడతాడు, తోడు రెండు కుక్కలు. మనం తలుపు దాటి ఊపిరి తీసుకునేలోపే కుక్కలు మీద పడతాయి. వాడి కింద వరసగా పంతొమ్మిది పద్దులున్నాయి. కారణాలు: కెమెరా తిరగలేదు. కుక్కలు. బటన్ నొక్కినా పనిచేయలేదు. ఫోన్ వచ్చింది. కుక్కలు.

మా తమ్ముడి కొడుకు ఆ డైరీ తిరగేసి, "పెదనాన్నా, ఇన్నిసార్లు పోయారు కదా, ఒక్కసారన్నా మీ తప్పు లేదా?" అన్నాడు.

ఒళ్ళు మండింది. కానీ ఇరవయ్యో పద్దులో, "మెట్లెక్కకుండా మధ్యలో నిలబడ్డాను" అని రాశాను. అక్కడ గోడవార మెట్లుంటాయి. పైకెక్కి నిలబడితే అందరూ ఒకేసారి చుట్టుముట్టలేరు. ఇరవై రెండోసారికి వాడు పడ్డాడు.

ఉద్యోగంలో ఒక సాయంత్రం క్యాష్ రెండు వేలు తక్కువొచ్చింది. ఒక పెద్దాయన్ని వారం రోజులు అనుమానించాను, ఆయన కౌంటర్ దగ్గరికొస్తే ముఖం చిట్లించాను. ఆ నోట్లు నా సొరుగు వెనక పలక సందులో దొరికాయి. ఆయనకి ఆ మాట చెప్పలేదు. ఇప్పుడాయన లేరు.

2. ఇంకొక్క దెబ్బ అనిపించినప్పుడే వెనక్కి తగ్గాలి

అనోర్ లోండో అనే నగరంలో ఇద్దరు ఒకేసారి ఎదురొస్తారు. ఆర్న్‌స్టైన్ సన్నగా ఉంటాడు, బల్లెంతో మెరుపులా దూసుకొస్తాడు. స్మావ్ బండవాడు, చేతిలో గుడిగంటంత సుత్తి. ఒకణ్ణి చంపితే రెండోవాడు ఆ చచ్చినవాడి బలం కూడా తీసుకుని నిండు ప్రాణంతో మళ్ళీ మొదలెడతాడు. ఎవణ్ణి ముందు పడగొట్టాలో తేల్చుకోవడానికే నాకు వారం పట్టింది.

వాళ్ళ దగ్గర నావి నలభై మూడు పద్దులు. అందులో ఇరవై ఏడు చోట్ల కారణం గడిలో ఒకటే మాట: "ఆశ". శత్రువు ప్రాణం గీత చివర వెంట్రుకవాసి మిగులుతుంది. మన పచ్చగీత, అంటే ఓపిక, అయిపోయి ఉంటుంది. అది నిండేదాకా రెండు క్షణాలు ఆగాలని తెలుసు. బొటనవేలు వినదు. కొడతాం. ఆ దెబ్బ చాలదు. పక్కకి పొర్లడానికి ఓపిక లేదు. సుత్తి దిగుతుంది.

షుగరున్నవాణ్ణి. పెళ్ళి భోజనాల్లో రెండో పూతరేకు దగ్గర ఈ పాఠం గుర్తొస్తుంది. ఎప్పుడూ కాదు, అప్పుడప్పుడు.

3. పోయిన సొమ్ము వెంట గుడ్డిగా పరిగెత్తితే రెండోసారి చావే

ఈ ఆటలో చంపినవాళ్ళ ఆత్మలే డబ్బు, అవే అనుభవం. చస్తే పోగేసిందంతా చచ్చిన చోట పడిపోతుంది. వెళ్ళి ముట్టుకుంటే తిరిగొస్తుంది. దారిలో మళ్ళీ చస్తే గోవిందా. బ్లైట్‌టౌన్ అనే విషపు బురద ఊళ్ళో ముప్పై ఎనిమిది వేలు అలా పోగొట్టుకున్నాను. అవి పడున్న చోటే కళ్ళకి కనిపిస్తుంది, మధ్యలో ఉన్నవాడు కనిపించడు.

ఒక చిట్టీ కంపెనీ ఎత్తేసినప్పుడు నేను చేసిందీ ఇదే. పోయినవాటిని రాబట్టుకుందామని ఇంకోచోట ఎక్కువ వడ్డీకి పెట్టాను. అవీ పోయాయి. మా ఆవిడ ఇప్పటికీ ఆ రెండో మొత్తం గురించే అంటుంది. మొదటిదాని గురించి ఏమీ అనదు.

4. ఆట ఆగదు

ఇందులో పాజ్ లేదు. మా ఆవిడ వంటింట్లోంచి పిలిస్తే ఆవిడా ఆగదు. ఇద్దరిలో ఎవరికి ముందు పలకాలో పద్దు చూస్తే తెలుస్తుంది.

5. సాయం చేసినవాడి పేరు తెలియకపోయినా ఫర్వాలేదు

ఈ వరస ఆటలకి ఆద్యుడు హిదెతకా మియజాకి. ఒరాకిల్‌లో ఉద్యోగం మానేసి 29 ఏళ్ళకి తక్కువ జీతానికి ఈ రంగంలోకొచ్చాడు. కంపెనీలో దారి తప్పిన ప్రాజెక్టు ఒకటుంటే, ఎలాగూ పోయిందే కదా, నా ఇష్టమొచ్చినట్టు చేసుకోవచ్చని తీసుకున్నాడట. అదే 2009లో డీమన్స్ సోల్స్‌గా వచ్చింది. 29 ఏళ్ళప్పుడు నేను ట్రాన్స్‌ఫర్ వద్దని అర్జీలు పెట్టుకుంటున్నాను.

ఒకసారి మంచులో ఎత్తురోడ్డు మీద ఆయన కారు ఆగిపోయిందట. వెనకున్న కార్లు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ అందరినీ ఎక్కించాయి. దిగి దండం పెడదామంటే కారు మళ్ళీ జారిపోతుంది. ఆ చివరి కారు ఎక్కిందో లేదో ఆయనకి తెలియనే లేదు. ఆటలో సాయం అలాగే ఉంటుంది. ముక్కూమొహం తెలియనివాడు నేల మీద పెట్టిన గుర్తుని మనం ముట్టుకుంటే, వాడు వచ్చి మనతో కలిసి పోరాడతాడు, గెలిచాక మాయమైపోతాడు. మాట్లాడుకోవడాల్లేవు. నాకు తోడొచ్చినవాడు ఒకడు వచ్చీరాగానే వంగి నమస్కారం పెట్టాడు. నేను తిరిగి పెట్టే బటన్ వెతుక్కునేలోపు ముందుకెళ్ళిపోయాడు.

అందరూ అంత మంచివాళ్ళేం కాదు. లోయ అంచున "దూకి చూడు" అని సందేశాలు పెట్టే ప్రబుద్ధులూ ఉన్నారు. దూకాను.

6. ఈ పాఠాలన్నీ అన్నిచోట్లా చెల్లవు

డైరీ తిరగేసిన మా తమ్ముడి కొడుకే గ్రూప్ టూ రెండోసారి పోయినప్పుడు, "కాప్రా డీమన్‌ని ఇరవై రెండోసారి కొట్టాను, నువ్వూ కొడతావ్ లేరా" అన్నాను, తెలివైన మాట అన్నాననుకుని. వాడు కాసేపు ఊరుకుని, "ఆ ఆటని గెలవగలిగేలా ఒకాయన కూర్చుని తయారుచేశాడు పెదనాన్నా. ఇది అలా కాదు కదా" అన్నాడు.

నిజమే. పోస్టులు వందల్లో, రాసేవాళ్ళు లక్షల్లో. ఎంత బాగా చదివినా మిగిలిపోయేవాళ్ళు ఉండి తీరతారు. ఓర్పు మంచిదే, కానీ ఓడినవాడికల్లా ఓర్పు లేదనడం అన్యాయం. అప్పటినుంచి ఆ పోలిక తేవడం మానేశాను. 2019లో ఇదే కంపెనీ ఆట సెకిరో వచ్చినప్పుడు ఈ ఆటల్లో తేలిక స్థాయి ఉండాలా వద్దా అని పెద్ద గొడవ జరిగింది. కీళ్ళు పట్టేసిన నా వేళ్ళని అడిగితే పెట్టమనే చెప్తాయి.

7. పారిపోవడం కూడా ఆటలో భాగమే

డైరీలో మొదటి మూడు పద్దులూ ఒకే చోటివి. మొదట్లోనే అసైలమ్ డీమన్ అనే కొండంత భూతం నెత్తిన దూకుతుంది. మన చేతిలో విరిగిన కత్తిపిడి. దాంతోనే కొట్టాను, మూడుసార్లూ. పారిపొమ్మని నేల మీద రాసే ఉంటుంది. నేను చదవలేదు. మీరెవరైనా మొదలుపెడితే, ఆ గదిలో ఎడమవైపు తలుపు తెరిచి ఉంటుంది. అందులోకి పరిగెత్తండి. కత్తీ డాలూ దొరికాక మళ్ళీ వద్దురుగాని.