బ్రదర్ ప్రసంగం ఎప్పుడు చెప్పవచ్చు? కతోలిక మఠ విద్యార్థుల శిక్షణపై అవగాహన

తొందరపడితే మార్కు పోయే ప్రశ్న

పూజలో సువిశేషం చదివాక బ్రదర్, అంటే గురువు కాబోయే విద్యార్థి, ప్రసంగం చెప్పవచ్చా? కూడదు. 1983 నాటి కానన్ చట్టం 767వ నిబంధన ప్రకారం పూజలో భాగమైన ప్రసంగం, అంటే హోమిలీ, గురువుకో డీకనుకో మాత్రమే చెల్లుతుంది. ఎంత మాటకారి అయినా డీకన్ పట్టం అందేదాకా ఆగాల్సిందే. హోమిలీ కాని బోధ వేరు. 766వ నిబంధన కింద, అవసరమైతే గృహస్థులకూ దానికి అనుమతి దొరుకుతుంది. గురువు రాని ఆదివారం పల్లెల్లో ఉపదేశి నాలుగు మాటలు చెప్పడం మనకు కొత్తేమీ కాదు.

మరి నేర్చుకునేది ఎక్కడ?

గురువిద్యార్థులకు హోమిలీ చెప్పడం శ్రద్ధగా నేర్పాలని 256వ నిబంధన చెబుతుంది. అందుకే వేదాంత చదువులో హోమిలెటిక్స్ ఉంటుంది. అయితే పుస్తకం చదివితే నోరు తిరగదు. తోటి బ్రదర్స్ ముందు నిలబడి చెప్పాలి, వాళ్ల చేత తప్పులు పట్టించుకోవాలి. వాళ్లకన్నా జాలిలేని శ్రోతలు దొరకరు!

కొలత

పోప్ ఫ్రాన్సిస్ 2013లో రాసిన ‘ఎవాంజెలీ గౌదియుమ్’లో 135 నుంచి 159 దాకా పేరాలు హోమిలీ గురించే. ఒక ఆలోచన, ఒక భావం, ఒక చిత్రం ఉంటే మంచి హోమిలీ అని అందులో రాశారాయన. 2024 జూన్‌లో ఎనిమిది నిమిషాలు దాటవద్దనీ చెప్పారు.

గచ్చిబౌలిలో వినేదెవరు?

ఉదాహరణకు, హైదరాబాద్ ఐటీ ప్రాంతమైన గచ్చిబౌలిలో ఒక గుడి అనుకోండి. పూజ పఠనాల ‘ఏ’ సంవత్సరం, సామాన్య కాలపు 25వ ఆదివారం. మత్తయి 20వ అధ్యాయం, ద్రాక్షతోట కూలీలు. పొద్దున వచ్చినవాడికీ సాయంత్రం ఐదింటికి వచ్చినవాడికీ ఒకటే దేనారం. ముందు బెంచీలో, జూనియర్‌కీ తనకీ ఒకే హైక్ ఇచ్చారని రగిలిపోతున్న టీమ్ లీడ్ ఉన్నాడనుకోండి. వెనక, సిమెంటు మరక వదలని చేతులతో అడ్డా కూలీ. సణుగుడు తప్పని బోధిస్తే అది లీడ్ ఒక్కడికే తగులుతుంది. కూలీకి ఆ కథ విప్పి చెప్పనక్కర్లేదు. ఏ మేస్త్రీ పిలవక, టిఫిన్ డబ్బా విప్పకుండానే మధ్యాహ్నం ఇంటికి తిరిగి నడవడం ఎలా ఉంటుందో అతనికి తెలుసు. ప్రసంగం రాసే ముందు బ్రదర్ ఓ ఉదయం ఆ అడ్డాలో నిలబడి చూస్తే ‘చిత్రం’ కోసం వెతుక్కోనక్కర్లేదు.