రిమోటు తాళం: ఒక పాత మారుతి మీద కొంత ఫిజిక్సు

(తృతీయ సంవత్సరం బి.ఎస్సీ. విద్యార్థి)

కొత్త కార్లు కొనేవారికి తాళం చెవి ఇంచుమించు మరచిపోయిన వస్తువు. జేబులో మీట నొక్కితే చాలు, నాలుగు తలుపులూ ఒక్కసారిగా ‘టక్’మంటాయి. కాని 2014 జనవరిలో తయారీ ఆగిపోయిన మారుతి 800 వంటి బండ్లు మన పల్లెల్లో ఇంకా తిరుగుతూనే వున్నాయి. వాటిలో చాలావాటికి ఈ సదుపాయం లేదు. అట్టి బండికి రిమోటు తాళాన్ని మనమే బిగించుకోవచ్చునా? బిగించుకోవచ్చు. మొదటి సంవత్సరంలో చదివిన విద్యుచ్ఛక్తి పాఠం, నాలుగు పనిముట్లు, తీరికగా రెండు రోజులు వుంటే చాలు. సంక్రాంతి సెలవుల్లో మా బండికి నేను చేసిన పనిని ఆధారం చేసికొని ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

మాది మిర్చి సేద్యం. మా నాయనకు కుడిచేతి రెండు వేళ్ళు గడ్డి కత్తిరించే మిషనులో పోయినవి. బండి నడపడానికి ఆయనకు ఏ ఇబ్బందీ లేదు. ఇగ్నిషన్ తాళం సులువుగానే తిరుగుతుంది. దుమ్ముపట్టి బిగుసుకుపోయిన తలుపు తాళంతోనే పేచీ. నూనె వేసి చూశాం, వారం రోజుల ముచ్చటే అయింది. అందుచేత గుంటూరు మిర్చి యార్డుకు వెళ్ళినప్పుడు కూడా ఆయన తలుపులకు తాళం వేయకుండానే దిగిపోయేవాడు. కాటా చీటీలు, ఒక్కోసారి పంట డబ్బు, అన్నీ సీటు క్రిందనే. ఏడాది కష్టం అలా సీటు క్రింద వుండటం మా అమ్మకు నిద్ర పట్టనిచ్చే సంగతి కాదు.

బజారులో దొరికే కిట్టులో నాలుగు చిన్న మోటార్లు, ఒక కంట్రోలు పెట్టె, రెండు రిమోట్లు, తీగల కట్టలు వుంటాయి. ఒక్కో తలుపులో ఒక్కో మోటారు. ఇది లోపలి పళ్ళచక్రంతో ఒక కడ్డీని సుమారు రెండు సెంటీమీటర్లు ముందుకో వెనక్కో జరుపుతుంది. ముందుకు జరిగితే తాళం పడుతుంది, వెనక్కు జరిగితే వస్తుంది. మరి ఒకే మోటారు రెండు వైపులా ఎట్లా తిరుగుతుంది? పొలంలో బోరు మోటారు తిరగబడి తిరిగితే మనం ఏం చేస్తాం? మూడు ఫేజుల్లో రెండింటిని మార్చి కడతాం. ఇక్కడ వున్నది డి.సి. మోటారు, అందులో శాశ్వత అయస్కాంతం వుంటుంది. కనుక ధన, ఋణ తీగలు తారుమారు చేస్తే చాలు, తిరిగే దిశ మారిపోతుంది.

ఈ తారుమారు పనిని కంట్రోలు పెట్టెలోని రెండు రిలేలు చేస్తాయి. రిలే అనగా మన స్టార్టరు డబ్బాలోని కాంటాక్టరుకు చిన్న తమ్ముడు. చుట్టలో కొద్దిపాటి ప్రవాహం పోతే అది అయస్కాంతమై, పెద్ద ప్రవాహపు దారిని తెరుస్తుంది. మామూలు స్థితిలో మోటారు తీగలు రెండూ ఎర్తుకే, అనగా బండి బాడీకే, కలిసి వుంటాయి. ‘లాక్’ మీట నొక్కితే మొదటి రిలే ఒక తీగను 12 వోల్టులకు కలుపుతుంది. ‘అన్‌లాక్’ నొక్కితే రెండవ రిలే రెండవ తీగను కలుపుతుంది. ఇదంతా ఒక సెకను లోపల ముగుస్తుంది. అంతకు మించి విద్యుత్తు అందుతూ వుంటే మోటారు చుట్టలు కాలిపోతాయి.

డ్రైవరు తలుపు మోటారుకు మాత్రం రెండు తీగలు కాక అయిదు వుంటాయి. మిగతా మూడు ఒక స్విచ్చివి. చేత్తో డ్రైవరు తలుపు తాళం వేస్తే ఆ సంగతి పెట్టెకు తెలిసి, మిగిలిన మూడు తలుపులూ దాన్ని అనుసరిస్తాయి. తీగల రంగులు కిట్టును బట్టి మారవచ్చు, కనుక దానితో ఇచ్చిన పటమే ప్రమాణం.

ఇక రిమోటు సంగతి. కారు తలుపుకు రిమోటు 1982లో రెనో ఫ్యూగోతో వచ్చింది. అది పరారుణ కిరణాలతో పనిచేసేది. ఇప్పుడు మన దేశంలో దొరికే కిట్లలో ఎక్కువగా వున్నది 433.92 మెగాహెర్ట్‌జుల రేడియో తరంగం. దాని తరంగదైర్ఘ్యం సుమారు 69 సెంటీమీటర్లు, అందులో నాలుగవ వంతు 17 సెంటీమీటర్లు. పెట్టెకు వ్రేలాడే తీగ ముక్క ఊరికే వున్నది కాదు, అది ఏంటెనా. అందంగా లేదని కత్తిరించే మహానుభావులు వున్నారు. దాన్ని ఇనుప బాడీకి ఆనించి చుట్టినా పరిధి తగ్గిపోతుంది.

రిమోటు పంపేది ఒక సంఖ్య. చవక రకాల్లో ఆ సంఖ్య ఎప్పుడూ ఒకటే. 20 బిట్ల సంకేతమైతే 10,48,576 సంఖ్యలు సాధ్యమే. కాని దొంగకు లెక్కతో పనేమిటి? గాలిలో ఒక్కసారి పట్టి దాచుకొని, మళ్ళీ వదిలితే తలుపు తెరుచుకుంటుంది. రెండవ రకం ‘రోలింగ్ కోడ్’. నొక్కిన ప్రతిసారీ లోపలి లెక్క ఒకటి పెరుగుతుంది, ఆ లెక్క రహస్య సంఖ్యతో కలగాపులగమై బయలుదేరుతుంది. వీటిలో పేరుపొందిన కీలాక్ పద్ధతి 1980లలో దక్షిణాఫ్రికాలో పుట్టింది. 1995లో దాన్ని మైక్రోచిప్ కంపెనీ కొన్నది. అందులో లెక్కకు 16 బిట్లు, అనగా 65,536 మెట్లు. రోజుకు 20 సార్లు నొక్కినా తొమ్మిదేళ్ళకు దగ్గరగా పడుతుంది. ఇంట్లో పిల్లలు రిమోటుతో ఆడుకొని లెక్క ముందుకు జరిగినా, మామూలుగా 16 మెట్ల దాకా రిసీవరు సర్దుకుంటుంది. అది దాటితే వెంటవెంటనే రెండుసార్లు నొక్కాలి.

ఇదీ అభేద్యం కాదు. 2008లో జర్మనీలోని రూర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చిప్పు వాడుకునే విద్యుత్తులోని హెచ్చుతగ్గులను కొలిచి రహస్య సంఖ్యను బయటకు లాగారు. అయినా యార్డులో తిరిగే చిల్లర దొంగకు, ప్రయోగశాలలోని పండితుడికి తేడా వున్నది గదా!

కొన్న కిట్టు ఏ రకమో పెట్టె మీది అక్షరాలను బట్టి నమ్మరాదు. నేను మా ఎలక్ట్రానిక్స్ లేబొరేటరీలో చిన్న 433 రిసీవరును ఆసిలోస్కోపుకు కలిపి పరీక్షించాను. హాస్టల్లో ఒక మిత్రుని కారు రిమోటు పదిసార్లు నొక్కితే పదిసార్లూ అదే బొమ్మ. నా కిట్టు రిమోటు మాత్రం ప్రతిసారీ సంకేతపు మొదటి భాగాన్ని మార్చింది. చివరి భాగంలోని రిమోటు క్రమసంఖ్య మారలేదు. ఆ మిత్రుడు అప్పటి నుండి కారులో లాప్‌టాప్ వదలడం మానేశాడు.

బిగించే పని చెబుతాను. మొట్టమొదట బ్యాటరీ ఋణ తీగ విప్పాలి. ధన తీగే ఎందుకు కాదు? బండి బాడీ అంతా ఋణమే. ధన తీగ విప్పేటప్పుడు పానా బాడీకి తగిలితే నిప్పురవ్వలు లేస్తాయి. ఋణం వైపు ఆ భయం లేదు.

తలుపు అట్ట తీయడానికి అద్దం త్రిప్పే పిడి అడ్డు. దాని వెనుక దాగిన క్లిప్పును ఊడదీయడానికి పాత గుడ్డపేలిక మించిన పనిముట్టు లేదు. పిడి వెనుక పేలికను దూర్చి, చెప్పులు తుడిచినట్లు అటూ ఇటూ లాగితే క్లిప్పు ఎగిరి పడుతుంది. ఎక్కడ పడిందో చూసుకోవాలి. అట్ట వెనుక ప్లాస్టిక్ షీటును చింపకుండా తీయాలి. వానలో తలుపులోకి దిగిన నీరు బండిలోకి రాకుండా ఆపేది అదే.

లోపలి తాళపు మీట నుండి వెనుక లాచ్ దాకా ఒక సన్నని కడ్డీ పోతుంది. మోటారు కడ్డీ దానికి సమాంతరంగా వుండాలి. ఏటవాలుగా బిగిస్తే బలంలో కొంత ప్రక్కకు పోతుంది, వెక్టారు పాఠం గుర్తుంది గదా. మరలు వేసే ముందు అద్దాన్ని పూర్తిగా పైకెత్తి, బిగించాక పూర్తిగా దించి చూడాలి. మోటారుకు గాని మర మొనకు గాని అది తగలరాదు.

తలుపు నుండి లోపలికి తీగలు పోయే రంధ్రానికి రబ్బరు వాషరు తప్పనిసరి. తలుపు వేసి తీసిన ప్రతిసారీ తీగ ఒరుసుకుంటుంది. పై తొడుగు తెగి ఇనుము తగిలితే షార్టు. అందుకే బ్యాటరీ నుండి వచ్చే ధన తీగకు, బ్యాటరీ దగ్గరలోనే, కిట్టువారు చెప్పిన విలువగల ఫ్యూజు వుండాలి. పెట్టె దగ్గర పెడితే మధ్యలోని తీగకు రక్షణ లేనట్లే. ఫ్యూజు పోతే రాగితీగ చుట్టే అలవాటు మోటారు షెడ్డులోనే ప్రమాదం, సీటు ప్రక్కన మరీ ప్రమాదం.

అట్టలు మూయకముందే అన్ని తలుపులూ పరీక్షించాలి. ఒక తలుపు తక్కినవాటికి వ్యతిరేకంగా పనిచేస్తే దాని రెండు తీగలు మార్చాలి. తరువాత బ్యాటరీ మళ్ళీ విప్పి, బయట తాళం చెవితో, లోపల మీటతో తలుపులు తెరుచుకుంటున్నాయో లేదో చూడాలి. ఇది నా దృష్టిలో అన్నిటికంటె ముఖ్యం. మూసిన కారులో చిక్కుకొని ప్రాణాలు పోయిన పసివాళ్ళ వార్తలు మనం చదువుతూనే వున్నాం. మా బండి తాళాల్లో దుమ్ము కడిగి గ్రాఫైటు పొడి వేసింది అందుకే.

కంట్రోలు పెట్టె రాత్రింబవళ్ళు మేలుకొనే వుంటుంది. అది 10 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటుందనుకుంటే, నెలకు 7.2 ఆంపియర్ గంటలు. 35 ఆంపియర్ గంటల బ్యాటరీలో ఇది అయిదవ వంతు. కోతల కాలంలో నెలల తరబడి బండి కదలకపోతే ఫ్యూజు పీకి వుంచడం మేలు.

ఇంకొక మాట. ఇది తలుపు తాళమే, ఇంజనుకు తాళం కాదు. బండినే ఎత్తుకుపోయేవాడిని ఇది ఆపదు. కంప్యూటర్లతో నిండిన కొత్త కార్లలో ఈ పద్ధతిన తీగలు తెంపి కలపడం కూడా తగదు.

నాయన ఇప్పుడు రిమోటును తాళం చెవితో కలిపి మొలతాడుకు కట్టుకుంటున్నాడు. యార్డు గేటు దగ్గర నుండి పనిచేసే మీట బండి ప్రక్కకు వస్తేగాని పనిచేయకపోతే సెల్లు మార్చమని చెప్పాను.